ఇష్టమైన సీరియల్ మీదే థీసిస్, అయినా రాస్తుంటే ఇంత చప్పగా ఎందుకొస్తోంది?

అర్ధరాత్రి_స్కాలర్
అందరికీ నమస్తే. పాపులర్ కల్చర్ మీద రీసెర్చ్ చేస్తున్నా, టాపిక్ వచ్చి టీవీ డైలీ సీరియల్స్, వాటి కింద జనం పెట్టే కామెంట్లు. కొన్నాళ్ళుగా ఒకటి బుర్ర తినేస్తోంది, ఇక్కడ పడేస్తున్నా. ఫ్రెండ్స్‌తో సీరియల్ గురించి మాట్లాడేటప్పుడు పాయింట్లు వాటంతటవే వస్తాయి, ఒక్క చెంపదెబ్బని అన్ని కెమెరాల్లో తిప్పి తిప్పి ఎందుకు చూపిస్తారు, హీరోయిన్ కంటే విలన్ మీద జనానికి ఎందుకంత ప్రేమ, కథ తెలిసిపోయాక కూడా రేపటి ఎపిసోడ్ కోసం ఎందుకు ఆగుతారు, ఇలా గంటలు గంటలు మాట్లాడతా. అదే వర్డ్ ఫైల్ తెరిస్తే చాలు "ప్రస్తుత అధ్యయనము వీక్షకుల స్వీకరణ ప్రక్రియలను పరిశీలించుటకు ఉద్దేశించబడినది" అని వచ్చేస్తుంది. ఎవడు రాశాడ్రా ఇది అని చూస్తే నేనే.

మొదటి డ్రాఫ్ట్ చూసి మా గైడ్ "ఇది ఫ్యాన్ లెటర్‌లా ఉంది" అన్నారు. సరే అని ఇష్టం అంతా పిండేసి ఇచ్చా. ఇప్పుడేమో "ఇందులో నువ్వెక్కడున్నావు?" అంటున్నారు. ఆయన్ని అనట్లేదు, రెండూ నిజమే అనిపిస్తోంది, అదే బాధ.

నా అనుమానం ఏంటంటే ఇది భాష రాకపోవడం కాదు, సిగ్గు. సీరియల్ మీద పీహెచ్‌డీ అంటే ఎదుటివాళ్ళు నవ్వుతారని ముందే తెలుసు కాబట్టి వాళ్ళు నవ్వకముందే మనం బరువైన మాటలు కప్పేస్తాం. ఈ చదువులో ఉన్నవాళ్ళెవరికైనా ఇలా అనిపించిందా? లేక నాకేనా ఈ గోల?

ఫుట్‌నోట్_పిచ్చి
నీకే కాదులే తమ్ముడూ. నువ్వు ఇయెన్ ఆంగ్‌ని చదివే ఉంటావు, చదవకపోతే ఈ రాత్రికే మొదలుపెట్టు. డల్లాస్ అనే అమెరికన్ సీరియల్ నెదర్లాండ్స్‌ని ఊపేస్తున్న రోజుల్లో ఆవిడ అక్కడ వివా అనే ఆడవాళ్ళ మ్యాగజైన్‌లో చిన్న ప్రకటన ఇచ్చింది. దాని సారాంశం ఏంటంటే, నాకు ఈ సీరియల్ చూడటం ఇష్టం, కానీ ఆ మాట అంటే జనం అదోలా చూస్తున్నారు, మీకెందుకు ఇష్టమో లేదా ఎందుకు ఇష్టం లేదో నాకు రాయండి, యూనివర్సిటీ థీసిస్‌లో వాడుకుంటాను అని. చూశావా, మొదటి ముక్కే "నాకు ఇష్టం". వచ్చినవి 42 ఉత్తరాలు, అంతే. వాటి మీద కట్టిన పుస్తకం 1982లో డచ్‌లో, 1985లో ఇంగ్లీష్‌లో వచ్చింది, ఇప్పటికీ ఈ ఫీల్డ్‌లో అందరూ చదివేది.

నీ సమస్యకి అందులో సూటిగా తగిలే పాయింట్ ఇంకోటుంది. డల్లాస్‌ని తిట్టినవాళ్ళ ఉత్తరాలు ధీమాగా, గడగడా ఉంటాయి. చెత్త, వ్యాపారం, జనాన్ని మత్తులో ముంచడం, ఈ మాటలన్నీ వాళ్ళ దగ్గర రెడీమేడ్‌గా ఉన్నాయి, తీసి వాడటమే. ఇష్టపడేవాళ్ళేమో తడబడతారు. కొందరు ముందే సంజాయిషీ ఇస్తారు, కొందరు "నవ్వుకోడానికి చూస్తా" అంటారు, కొందరు ఇదంతా చెత్తేనని నాకూ తెలుసు కానీ అంటూ మొదలెడతారు. వాళ్ళ ఇష్టాన్ని చెప్పడానికి పదిమందీ ఒప్పుకునే భాష అసలు తయారై లేదు. ఇప్పుడు నీ వర్డ్ ఫైల్ సంగతి చూడు. నువ్వు అరువు తెచ్చుకున్న ఆ భాష తిట్టేవాళ్ళ కొలిమిలో తయారైంది. దాంతో ఇష్టం గురించి రాయబోతే చప్పగా రాక ఎలా వస్తుంది?

రెండో_రివ్యూయర్
పేరు చూసి భయపడకండి, పేపర్లకి వంకలు పెట్టే రివ్యూయర్‌ని మావాళ్ళు ఇలాగే పిలుస్తారు, సరదాకి పెట్టుకున్నా. కానీ పని మాత్రం అదే చేస్తా.

సిగ్గు థియరీ బాగుంది, సగమే ఒప్పుకుంటా. మీ గైడ్ "ఫ్యాన్ లెటర్" అన్నది మీరు ఇష్టం చూపించినందుకు కాకపోవచ్చు. "ఈ విలన్ పాత్ర అద్భుతం" అని రాస్తే దాన్ని ఎవరూ కాదనలేరు, అవుననీ నిరూపించలేరు. కాదనడానికి వీల్లేని వాక్యం రీసెర్చ్‌లో పనికిరాదు. "విలన్‌ని తిడుతూ పెట్టిన కామెంట్లలో కూడా ఆమె తెలివిని మెచ్చుకునే మాటలే ఎక్కువ" అని రాయండి, అప్పుడు నేను డేటా అడుగుతా, లెక్క అడుగుతా, మీతో గొడవ పడతా. అలా గొడవకి చోటిచ్చే వాక్యం రాయండి, అది వాడుక భాషలో ఉన్నా నాకేం అభ్యంతరం లేదు.

రెండో వెర్షన్‌లో ఉద్దేశించబడినది, పరిశీలించబడినది అంటూ రాశారు కదా, దానికీ అదే జబ్బు. ఎవరు పరిశీలించారో లేదు కాబట్టి పట్టుకుని అడగడానికి మనిషే లేడు.

ల్యాబ్_ఎలుక
సైన్స్ వాడిని, మీ టాపిక్‌లో వేలు పెడుతున్నా, తిట్టుకోకండి 😅

మీరేమో పాపులర్ కల్చర్ మీద రాస్తూ సీరియస్‌గా కనపడాలని చూస్తున్నారు, మావాళ్ళేమో సీరియస్ విషయాలు రాస్తూ పాపులర్ కల్చర్‌ని దొంగచాటుగా లాక్కొస్తారు. పిండం ఎదిగేటప్పుడు చేతులు, మెదడు సరిగ్గా ఏర్పడటానికి అవసరమైన ఒక జీన్ పేరు సోనిక్ హెడ్జ్‌హాగ్, వీడియో గేమ్ క్యారెక్టర్ పేరు, 1993లో పెట్టారు. ల్యాబ్‌లో నవ్వుకోడానికి బానే ఉంది, కానీ ఆ జీన్‌లో తేడా వస్తే పిల్లలకి తీవ్రమైన మెదడు లోపాలు వస్తాయి, ఆ తల్లిదండ్రుల ముందు డాక్టర్ ఈ పేరు ఎలా పలకాలి అని తర్వాత పెద్ద చర్చే నడిచింది. 2005లో ఒక క్యాన్సర్ జీన్‌కి పోకెమాన్ అని పెడితే ఆ బ్రాండ్ వాళ్ళు కేసు వేస్తామన్నారు, పేరు మార్చాల్సొచ్చింది. 2008లో కంటి రెటీనాలో దొరికిన ప్రోటీన్ పికాచురిన్ మాత్రం అలాగే ఉండిపోయింది. జాంబీలు దాడి చేస్తే జనాభా ఏమవుతుందని 2009లో ఏకంగా గణితం పేపరే వేశారు, నవ్వుతూ చదివినా లోపలున్నవి అంటురోగాలకి వాడే మోడల్సే.

ఇంక ఆ "బడింది బడింది" గోలకి మా ఫిజిక్స్ వాళ్ళ దగ్గర ఒక ఆణిముత్యం ఉంది. 1975లో హెథరింగ్టన్ అనే ఆయన ఒక్కడే పేపర్ రాసి అంతా "మేము" అని టైప్ చేసుకున్నాడు. రాసింది ఒక్కడైతే ఆ జర్నల్ "మేము" ఒప్పుకోదని ఎవరో చెప్పారు. అప్పట్లో టైప్‌రైటర్ కదా, మొత్తం మళ్ళీ కొట్టాలి. ఆయనేం చేశాడంటే తన పిల్లి చెస్టర్‌ని ఎఫ్.డి.సి. విల్లర్డ్ అనే పేరుతో సహరచయితగా పెట్టేశాడు. ఫిజికల్ రివ్యూ లెటర్స్‌లో అచ్చైంది కూడా. నేను అని రాయడానికి ఇబ్బంది పడేవాళ్ళు పిల్లిని పెంచుకోండి.

అర్ధరాత్రి_స్కాలర్
పిల్లి దెబ్బకి నవ్వి నవ్వి చచ్చా.

@ఫుట్‌నోట్_పిచ్చి ఆంగ్ పేరు లిట్ రివ్యూలో పెట్టా కానీ నిజం చెప్పాలంటే ఒక బ్రాకెట్‌లో పెట్టి వదిలేశా, ఆ ఉత్తరాల భాగాన్ని ఈ కోణంలో చూడలేదు. రెడీమేడ్ మాటలు అన్నారు కదా, నా డేటాలో కూడా అదే, "ఏం సీరియల్ రా బాబూ" అని తిట్టే కామెంట్లు అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి, ఇష్టం అని చెప్పేవే ఒక్కోటి ఒక్కోలా వంకర్లు తిరుగుతూ ఉంటాయి. ఇదే ఒక ఛాప్టర్ అవుతుందేమో.

టైంపాస్_బాబాయ్
కాస్త కటువుగా ఉంటుంది, ఏమనుకోకండి. సీరియల్ చూడటానికి థియరీ ఎందుకయ్యా. సాయంత్రం పని అయ్యాక బుర్ర ఆపేసి చూస్తారు, అంతే కదా. దానికి ఎన్‌కోడింగ్ అని డీకోడింగ్ అని పేర్లు పెట్టి మీరూ మీరూ చదువుకోవడం. 1996లో సోకల్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ కావాలని అర్థంపర్థం లేని వ్యాసం రాసి మీ కల్చరల్ స్టడీస్ జర్నల్‌కి పంపితే వాళ్ళు మురిసిపోయి వేసుకున్నారు, తర్వాత ఆయనే బయటపెట్టి పరువు తీశాడు. అప్పట్నుంచీ నాకు ఈ భాష అంటేనే నమ్మకం పోయింది.

ఫుట్‌నోట్_పిచ్చి
బాబాయ్, సోకల్ సంగతి నిజమే, దాచేది ఏం లేదు. సోషల్ టెక్స్ట్ అనే జర్నల్, అప్పట్లో వాళ్ళు బయటి నిపుణులకి పంపి చూపించే పద్ధతి కూడా పెట్టుకోలేదు. కానీ ఆ వ్యాసం క్వాంటమ్ గ్రావిటీ గురించి, సీరియల్స్ గురించో సినిమాల గురించో కాదు. తమకి తెలియని ఫిజిక్స్‌ని, పెద్ద పెద్ద పేర్లు కనపడ్డాయని నమ్మేయడమే వాళ్ళు చేసిన తప్పు. అర్థం కాకుండా రాస్తే గొప్ప అనుకునే జబ్బుకి అది సరైన మందే, అందులో నేను మీ పక్షం.

అయితే "బుర్ర ఆపేసి చూస్తారు" అన్నారు చూడండి, అది కూడా థియరీయే బాబాయ్, మీరు పేరు చెప్పలేదంతే. అడోర్నో, హోర్క్‌హైమర్ అనే జర్మన్ తత్వవేత్తలు 1940లలో అమెరికాలో ప్రవాసంలో ఉండి రాసింది దాదాపు ఇదే, వినోదం ఒక ఫ్యాక్టరీ సరుకు, చూసేవాడికి ఆలోచించే పని మిగల్చదు అని. హిట్లర్ నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు, రేడియో ఒక దేశాన్ని ఏం చేసిందో కళ్ళారా చూసినవాళ్ళు, వాళ్ళ భయానికి కారణం ఉంది. దానికి భిన్నంగా 1973లో స్టువర్ట్ హాల్ అనే బ్రిటన్ కల్చరల్ స్టడీస్ పండితుడు ఆ ఎన్‌కోడింగ్ డీకోడింగ్ వ్యాసం రాశాడు. టీవీ వాళ్ళు ఒక అర్థం పెట్టి పంపుతారు, చూసేవాళ్ళు దాన్ని అలాగే తీసుకోవచ్చు, సగం ఒప్పుకుని సగం బేరమాడొచ్చు, పూర్తిగా ఎదురు తిరిగి చదువుకోవచ్చు. మీ ఇంట్లో వార్తలు చూస్తూ యాంకర్‌ని తిట్టే మనిషి ఉంటే ఆ మూడోది మీకు రోజూ కనిపిస్తూనే ఉంటుంది.

భాష గురించి కూడా హాల్ దగ్గరే నేర్చుకోవచ్చు. 1981లో అచ్చైన ఒక వ్యాసం, అసలు పాపులర్ అంటే ఏంటని మొత్తం తర్కించి, అధికారం ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ మధ్య పోరాటం జరిగే చోట్లలో ఇదొకటి కాబట్టే నాకు దీంతో పని, లేకపోతే నిజం చెప్పాలంటే నాకిదంటే లెక్కే లేదు అన్నట్టు ముగించేస్తాడు. ఎంత హాయిగా ఉందో చూడండి. అందులో మనిషి ఉన్నాడు, వాదనా ఉంది. బరువు మాట ఒక్కటి లేదు.

ఏడున్నర_బ్యాచ్
నేను మీలాగా చదువుకునే టైపు కాదండీ, సీరియల్స్ చూసే టైపు. మా కజిన్ ఈ లింక్ పంపి "నీ మీద రీసెర్చ్ చేస్తున్నారు చూడు" అంది, అందుకని వచ్చా.

మొదటి నుంచీ చదివా, అందరూ "వీక్షకులు" "జనం" "చూసేవాళ్ళు" అంటున్నారు, మేమేదో గాజు డబ్బాలో ఉన్నట్టు. @టైంపాస్_బాబాయ్ గారూ, బుర్ర ఆపేసి చూస్తే సీరియల్ అర్థం కాదండి, ఎవరు ఎవరి కూతురో గుర్తుపెట్టుకోడానికే సగం బుర్ర కావాలి. నేను అన్నీ పూర్తిగా చూడను, యాప్‌లో స్పీడ్ పెంచి చూస్తా, ఏడుపు సీన్లు దాటేస్తా, గొడవ సీన్లు మాత్రం వెనక్కి వెళ్ళి మళ్ళీ చూస్తా. రైటర్ మారితే డైలాగ్‌ని బట్టి పట్టేస్తా. యాక్టర్‌కి డేట్స్ కుదరకపోతే ఆ పాత్రని కోమాలో పెట్టేస్తారు, ఆ సంగతి మా గ్రూపులో అందరికంటే ముందు చెప్పేది నేనే. కామెంట్లలో తిడతాం నిజమే, అంతమాత్రాన ఇష్టం లేదని కాదు, తిట్టుకోడం కూడా చూడటంలో భాగమే. మా ఇంట్లో "ఎందుకే ఆ చెత్త" అంటే "ఏదో టైంపాస్‌కి" అనేస్తా, ఎందుకంటే అసలు కారణం చెప్పడానికి కూర్చుంటే సీరియల్ అయిపోతుంది.

ఇంకోటి, స్కాలర్ గారూ, థీసిస్‌లో మేము "నిజజీవితం నుంచి పారిపోడానికి" చూస్తామని రాశారంటే మాత్రం నేను ఊరుకోను. నేనెక్కడికీ పారిపోలేదు, సోఫాలోనే ఉన్నా.

ల్యాబ్_ఎలుక
సోఫాలోనే ఉన్నా 🔥🔥 థీసిస్ టైటిల్ దొరికేసింది బ్రో

అర్ధరాత్రి_స్కాలర్
అక్కా, మీరు రాసిన ఆ ఒక్క పేరాలో ఉన్నంత విషయం నా రెండో ఛాప్టర్ మొత్తంలో లేదు. పారిపోవడం అనే మాట నా సినాప్సిస్‌లో ఉంది, అది పోతుంది. మీ మాటలు కొన్ని థీసిస్‌లో వాడుకోవచ్చా?

రెండో_రివ్యూయర్
ఆగండి ఆగండి, అంత త్వరగా చేతులెత్తేయకండి. అక్క గారు చెప్పింది అద్భుతంగా ఉంది కానీ చూసేవాళ్ళు తమ గురించి తాము చెప్పిందే ఆఖరి మాట అని రాస్తే మీకిక చేసే పని ఏముంది, ఇంటర్వ్యూలు టైప్ చేసి బైండింగ్‌కి ఇచ్చేయొచ్చు. ఆంగ్ కూడా ఆ 42 ఉత్తరాలని పైపైన ఉన్నది ఉన్నట్టు తీసుకోలేదు, రాసినవాళ్ళు చెప్పీ చెప్పకుండా వదిలినవాటిని, మాటల అడుగున ఉన్న ఊహల్ని డాక్టర్ జబ్బు లక్షణాలు చూసినట్టు చదవాలని స్పష్టంగా రాసుకుంది.

ఇక్కడే జానిస్ రాడ్వేని తెచ్చుకోండి, 1984 పుస్తకం. రొమాన్స్ నవలలు చదివే ఆడవాళ్ళ దగ్గరకి ఆవిడ వెళ్ళింది కథల్లో అర్థాలు ఎలా తీస్తారో తెలుసుకుందామని. వాళ్ళేమో కథ సంగతి కంటే చదవడం అనే పని గురించే ఎక్కువ చెప్పారు, పుస్తకం చేతిలో ఉంటే ఇది నా టైం, నన్ను కదిలించకండి అని ఇంట్లోవాళ్ళకి చెప్పినట్టు అని. ఆవిడ ప్రశ్నే మారిపోయింది. కానీ అక్కడితో ఆగలేదు, చదవడం చిన్నపాటి తిరుగుబాటే అయినా కథలు మాత్రం చివరికి వాళ్ళని మళ్ళీ పాత కుదురులోనే కూర్చోబెడుతున్నాయి అని కూడా వాదించింది, అది ఆ పాఠకులు అనని మాట. ఆ మాట అన్నందుకు తర్వాత విమర్శలు కూడా పడ్డాయి, 1988లో ఆంగే ఒక వ్యాసంలో నిలదీసింది, పరిశోధకురాలు ఒక గట్టు మీద, పాఠకులు ఇంకో గట్టు మీద ఉన్నట్టు ఎందుకు రాశావని.

అంటే చూసేవాళ్ళ మాటకీ మీ మాటకీ మధ్య మీకు సుఖంగా నిలబడే చోటు దొరకదు. అక్క గారు ఊరుకోను అన్నారు కదా, ఆవిడ చదివితే కోపం వచ్చే వాక్యం ఒక్కటైనా మీ థీసిస్‌లో ఉండొచ్చు, కానీ అది ఆవిడ చదివి అర్థం చేసుకుని తిరిగి వాదించగలిగేలా ఉండాలి. నా షరతు అదే.

ఏడున్నర_బ్యాచ్
@రెండో_రివ్యూయర్ కోపం వస్తే వాదిస్తా, దానికేం ఢోకా లేదు. వాడుకోండి కానీ ఈ ఐడీ పెట్టొద్దు, మా కజిన్ పట్టేస్తుంది, గ్రూపులో ఇంకో నెల అదే గోల. పెట్టేముందు నాకోసారి చూపించండి.

ఫుట్‌నోట్_పిచ్చి
ఇది మాత్రం సీరియస్‌గా తీసుకో తమ్ముడూ. ఐడీ తీసేస్తే సరిపోదు. కామెంట్‌ని ఉన్నది ఉన్నట్టు కోట్ చేస్తే ఎవరైనా ఆ ముక్క సెర్చ్‌లో కొట్టి నేరుగా ఆ మనిషి దగ్గరకి వెళ్ళిపోతారు. రాడ్వే కాలంలో ఊరి పేరు మార్చి స్మిత్‌టన్ అని పెడితే చాలిపోయింది, ఇప్పుడు చాలదు. ఇంటర్నెట్ పరిశోధకుల సంఘం ఒకటుంది, అసోసియేషన్ ఆఫ్ ఇంటర్నెట్ రీసెర్చర్స్ అని, వాళ్ళు 2002లోనే దీనికి మార్గదర్శకాలు పెట్టారు, తర్వాత రెండుసార్లు కొత్తవి తెచ్చారు. వాళ్ళు కూడా ఒకే రూల్ అందరికీ అని పెట్టరు, రాసినవాళ్ళు అది నలుగురిలో మాట్లాడుతున్నాం అనుకుని రాశారా, మనవాళ్ళ మధ్య అనుకుని రాశారా అని చూడమంటారు. వేలమంది చూసే వీడియో కింద కామెంట్ వేరు, ముప్పై మంది ఉండే గ్రూపులో మాట వేరు, రెండూ స్క్రీన్ మీద ఒకేలా కనిపించినా సరే. కొంతమంది మాటల్ని మార్చి, నలుగురి మాటల్ని కలిపి ఒకటిగా రాస్తారు, ఆనెట్ మార్కమ్ అనే పరిశోధకురాలు దీని గురించి 2012లో రాసింది. అలా చేస్తే చేశానని మెథడాలజీలో ఒప్పుకోవాలి మరి, లేకపోతే కల్పించావంటారు.

సీరియల్ మీద రీసెర్చ్ తేలిక అనుకునేవాళ్ళకి ఈ భాగం చూపించాలి అసలు.

టైంపాస్_బాబాయ్
అమ్మా @ఏడున్నర_బ్యాచ్, కోమా సంగతి నాకు ఇప్పటిదాకా తెలీదు. డేట్స్ కుదరకేనా అది? నేను నిజంగానే కథ అనుకున్నా.

ఏడున్నర_బ్యాచ్
అన్నిసార్లూ కాదు బాబాయ్ గారూ, కొన్నిసార్లు రేటింగ్ పడిపోయినా పెడతారు 😂 మీరూ చూస్తారన్నమాట

టైంపాస్_బాబాయ్
ఇంట్లో పెడితే కనిపిస్తుంది కదమ్మా.

ఫుట్‌నోట్_పిచ్చి
బాబాయ్, డల్లాస్ మీద ఉత్తరాలు రాసినవాళ్ళలో కూడా మీలాగే తిడుతూనే చూసేవాళ్ళు ఉన్నారు.

ల్యాబ్_ఎలుక
ఒక పనికొచ్చే ముక్క కూడా చెప్పి పోతా. ఇంట్రో దగ్గర ఇరుక్కున్నవాళ్ళకి మా ల్యాబ్‌లో జాన్ స్వేల్స్ పద్ధతి చెప్తారు, 1990లో పెట్టింది. ముందు ఈ ఏరియాలో ఏం జరుగుతోందో చెప్పు, తర్వాత అందులో ఖాళీ ఎక్కడుందో చూపించు, ఆ ఖాళీలో నువ్వు కూర్చో. పిచ్చి సింపుల్‌గా ఉంటుంది కానీ ఏ జర్నల్ తీసినా ఇంట్రో అలాగే నడుస్తుంది. బ్రో, నీ ఖాళీ ఇందాక నువ్వే చెప్పావ్, తిట్లన్నీ ఒకే అచ్చు, ఇష్టాలు మాత్రం వంకర్లు. దాంతో మొదలెట్టు, "ప్రస్తుత అధ్యయనము"తో కాదు.

అర్ధరాత్రి_స్కాలర్
సరే, ఇప్పుడే కూర్చుని రాశా, ఇంట్రో మొదటి పేరా. దాక్షిణ్యం లేకుండా కొట్టండి.

"నేను డైలీ సీరియల్స్ చూస్తాను, ఇష్టంగానే చూస్తాను. సీరియల్స్ కింద కామెంట్లు చదువుతుంటే తిట్టేవాళ్ళలో చాలామంది ఒకే రకం మాటలు వాడటం, ఇష్టపడేవాళ్ళు మాత్రం ఆ ఇష్టాన్ని వెక్కిరింతలో, తిట్లలో, టైంపాస్ అనే సాకులో దాచుకుని చెప్పడం గమనించాను. ప్రేక్షకులు అర్థాల్ని ఎలా మార్చుకుంటారో ఇంతకుముందు పరిశోధనలు వివరించాయి. తమ ఇష్టాన్ని నలుగురిలో చెప్పాల్సి వచ్చినప్పుడు వాళ్ళు ఏ మాటల వెనక దాక్కుంటారు, ఆ దాక్కోవడం వల్ల వాళ్ళకి ఏం దక్కుతుంది అన్నది ఈ థీసిస్ ప్రశ్న."

ఏడున్నర_బ్యాచ్
దాక్కుంటారు అంటే మళ్ళీ అదే కదా? మేం దాక్కోవట్లేదు, మీతో అన్నీ చెప్పక్కర్లేదు అనుకుంటాం, అంతే. మిగతాదంతా బాగుంది, చదివితే అర్థమైంది.

అర్ధరాత్రి_స్కాలర్
అయ్యో అది నిజమే… దాక్కోవడం వేరు, చెప్పక్కర్లేదు అనుకోవడం వేరు. రెండోదైతే నా ప్రశ్నే ఇంకోలా అడగాలి. ఎవరికి చెప్తారు, ఎవరికి చెప్పరు అని.

రెండో_రివ్యూయర్
ఈ కొత్త ప్రశ్న పాతదానికంటే మంచిది, దీన్ని వదలకండి. "నేను" ఉండనివ్వండి, ఎవరైనా తీసేయమంటే ఎందుకో రాతపూర్వకంగా అడగండి. ఇక రెండో వాక్యంలో "చాలామంది" అన్నారు. ఎన్ని కామెంట్లలో ఎన్ని? ఏ సీరియల్స్, ఏ నెలల్లో, డిలీట్ అయినవాటిని ఏం చేశారు?

అర్ధరాత్రి_స్కాలర్
వస్తున్నా సార్, ఎక్సెల్ తెరుస్తున్నా.